కొసరు లేని కొలత

పొద్దున్న ఆరున్నరకి వంటింటి కిటికీ దగ్గర నిలబడి సిరంజీని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటాను. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని గీతలు లెక్కపెడతాను. మొదట్లో అది సున్నా తరవాత రెండో గీత. లోపలి నల్ల రబ్బరు అంచు ఆ గీతని ముట్టుకోవాలి, దాటకూడదు. రెండు యూనిట్లంటే మిల్లీలీటరులో యాభయ్యో వంతు. వాన వెలిశాక దండెం మీద వేలాడే చుక్కలో సగం కూడా ఉండదు. టీ చెంచాలో అయిదు మిల్లీలీటర్లు పడుతుంది కదా, ఆ చెంచాడు మందు రోజుకి రెండు పూటలా వేసినా మా దొరబాబుకి నాలుగు నెలల పైన వస్తుంది.

దొరబాబు మా పిల్లి. పదకొండేళ్లవాడు. బెల్లం రంగు ఒళ్లు, తెల్లటి మూతి. నేను సిరంజీతో కుస్తీ పడుతున్నంతసేపూ పళ్లెంలో చికెన్ తింటూ నా వైపు కన్నెత్తి చూడడు. సూది పడేది వాడికి, చెమటలు పట్టేది నాకు.

ముప్ఫయ్యేళ్లు బళ్లో లెక్కలు చెప్పాను. దశాంశాలంటే బెదిరిపోయే పిల్లల్ని చాలామందిని చూశాను. "ఇంత చిన్న అంకెకి అంత భయమేమిట్రా" అనేదాన్ని. వాళ్లెవరైనా ఇప్పుడు మా వంటింట్లోకి తొంగిచూస్తే కడుపారా నవ్వుకుంటారు.

మన వైపు ప్రేమని కొలవడానికి ఒక కొలత ఉంది. దాని పేరు కొసరు. కూరగాయలమ్మి తక్కెడ సరిచూసి సంచీలో పోశాక, పైన పడేసే రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ. పాలవాడు లీటరు పోశాక గిన్నెలోకి మళ్లీ వంచే గుక్కెడు. తూచిన సరుక్కి డబ్బిచ్చాం, అది మన హక్కు. ఆ పైన పడిన రెబ్బ మాత్రం మనల్ని చూసి వేసింది. అందుకే ఇంటికొచ్చాక కిలో వంకాయల సంగతి ఎవరూ చెప్పుకోరు, కొసరు సంగతే చెప్పుకుంటారు.

మా అత్తయ్యగారిది కోనసీమ. అక్కడ వడ్డించడం అంటే కొసరడమే. "చాలు" అంటే వాళ్ల నిఘంటువులో "ఇంకో రెండుసార్లు అడగండి" అని అర్థం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోస్తారు. పెళ్లయిన కొత్తలో మొదటి సంక్రాంతికి వెళ్లి, మూడోరోజుకి వాముకషాయం తాగి పడుకున్న విశాఖపట్నం పిల్లని నేను. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లని ఆవిడ మనుషుల్లో జమకట్టరు. సామెతలో పిల్లి సంగతేమో గానీ మా ఇంటి పిల్లికి ఆ బిచ్చం పదేళ్లపాటు మూడు పూటలా అందింది.

వాడు మా ఇంటికి వచ్చిన తీరు కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని ఊడ్చిపెట్టి పోయింది. ఆ తరవాత రోజుల తరబడి మా వీధికి కరెంటు లేదు. అత్తయ్యగారు అప్పటికే ఇన్సులిన్ మీద ఉన్నారు. ఫ్రిజ్ లేకపోతే సీసా పాడైపోతుందని నేను తల పట్టుకుంటే, ఆవిడ పెరట్లోంచి మట్టికుండ తెప్పించారు. అడుగున ఇసక పోసి తడిపి, మధ్యలో చిన్న ముంత పెట్టి, అందులో సీసా ఉంచి, పైన తడిగుడ్డ కప్పించారు. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. మూడోరోజు సాయంత్రం చూస్తే ఆ తడిగుడ్డని నాకుతూ గుప్పెడంత పిల్లిపిల్ల. అత్తయ్యగారు తన గ్లాసులో పాలు చిప్పలో పోశారు. తాగేసి, మూతి తుడుచుకుని, ఆవిడ పాదాల మీద కాళ్లు బారజాపి పడుకుంది. "దొరబాబులా పడుకున్నాడు చూడమ్మాయ్" అన్నారావిడ. పేరు అలా ఖాయమైంది.

తరవాతంతా కొసరుల కథే. పెరుగన్నం, ఆ పైన మీగడ. టీలో ముంచిన బిస్కట్టులో మెత్తటి సగం. ఎనిమిదో నెలలో ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ అయిన పిల్లికి ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, తిండి తగ్గించండి అని అప్పుడే చెప్పారు. ఆ మాట అత్తయ్యగారి చెవిదాకా వెళ్లి, అక్కణ్నించి వెనక్కి వచ్చేసింది. పదేళ్లొచ్చేసరికి దొరబాబు ఏడు కిలోలయ్యాడు. నాలుగున్నర ఉండాల్సిన ఒళ్లది. వచ్చినవాళ్లంతా "ఎంత ముద్దుగా పెంచారండీ" అనేవారు. ఒళ్లు చేసిన మగపిల్లులకి, ఆపరేషన్ అయినవాటికి, వయసు మళ్లినవాటికి, నేనిప్పుడు సూది వేస్తున్న ఈ జబ్బు ఎక్కువగా వస్తుందట. మూడు అర్హతలూ మావాడికి ఉన్నాయి.

కిందటేడు వేసవిలో వాడి నీళ్లగిన్నె తెగ ఖాళీ అవడం మొదలైంది. ఎండలు కదా అనుకున్నాను. తిండి పెరిగింది, ఒళ్లు తగ్గింది. పోనీలే సన్నబడుతున్నాడని సంతోషించిన తెలివి నాది. ఒక్క గెంతులో సోఫా ఎక్కేవాడు కాస్తా ముందుకాళ్లు పైన వేసి వేలాడసాగాడు. పిల్లులు మునివేళ్ల మీద నడుస్తాయి. వీడి వెనక మడమలు నేలకి ఆనిపోయి, తెగిన హవాయి చెప్పు ఈడ్చుకుంటున్న మనిషిలా నడుస్తున్నాడు. వయసు అనుకున్నాను. చక్కెర ఎక్కువై నరాలు దెబ్బతింటే అలా నడుస్తాయని తరవాత తెలిసింది.

జబ్బుకి పేరు పెట్టింది అత్తయ్యగారు. బాల్కనీలో ఇసక ట్రే పక్కన స్టూలు వేసుకుని కూచుని "అమ్మాయ్, ఇలా రా" అని పిలిచారు. ట్రే అంచు మీంచి చీమల బారు, తడిసి ఉండకట్టిన ఇసకలోకి. "చీమలు ఊరికే రావు. వీడికి షుగరొచ్చింది" అన్నారు. మధుమేహం అన్న మాటలోనే తేనె ఉంది. మూత్రానికి చీమలు పట్టడం చూసి మన పాత వైద్యులు ఈ జబ్బుని గుర్తుపట్టేవారని నేనెప్పుడో చదివాను. చదివిన నేను గిన్నెలో నీళ్లు నింపుతూ ఉండిపోయాను. చీమల్ని చూసింది ఆవిడ.

పశువుల ఆస్పత్రిలో రక్తం తీస్తే 386. డాక్టరమ్మ ఆ అంకెని చూసి కంగారుపడలేదు. "ఆటోలో వచ్చింది, కుక్క అరుపులు విన్నది, సూది పొడిచాం. బెదిరిన పిల్లికి జబ్బు లేకపోయినా చక్కెర ఇలా ఎగబాకుతుందండీ. ఒక్క అంకెని నమ్మకూడదు" అంది. మూత్రంలో చక్కెర చూసింది. ఫ్రక్టోసమీన్ అని ఇంకో పరీక్ష రాసింది. గడిచిన రెండు మూడు వారాల సగటు అందులో తెలుస్తుందట. అప్పటికప్పటి భయం ఆ సగటుని మార్చలేదు. లెక్కల టీచరుగా ఆ పరీక్ష నాకు వెంటనే నచ్చింది.

ఆరోజు తెలుసుకున్నవాటిలో నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటుంది. పిల్లికి తీపి తెలియదు. తీపిని పట్టే నాలుక నిర్మాణానికి రెండు జన్యువులు కలిసి పనిచెయ్యాలి. పిల్లి జాతిలో వాటిలో ఒకటి ఎప్పుడో చెడిపోయింది. పులికీ అంతే, చిరుతకీ అంతే. 2005లో ఈ సంగతి పరిశోధకులు తేల్చారు. మాంసమే తినే జాతికి తీపి తెలిసి ఒరిగేదేమీ లేదు గనక ఆ లోటుని అది ఎప్పుడూ పట్టించుకోలేదు. బిస్కట్టులో వాడికి నచ్చింది వెన్న. పెరుగన్నంలో నచ్చింది మీగడ. ఆ తీపంతా మేం మా నాలుకతో రుచి చూసి వాడికి పెట్టుకున్నదే.

ఇంట్లో మొదటి ఇన్సులిన్ సూదికి అరగంట పట్టింది. వాడు తిన్నాక వెయ్యాలి. తినకపోతే వెయ్యకుండా డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలి. పక్కటెముకల దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా ఎత్తి, ఆ గుడారం గుమ్మంలోకి సూది పోనిచ్చి, మెల్లగా నొక్కాలి. నేను గుడారం ఈ పక్కనించి దూర్చి ఆ పక్కకి తేల్చాను. మందంతా బొచ్చు మీద పడింది. నాకు తెలియలేదు. అత్తయ్యగారు వంగి వాసన చూసి "బయటపడిందే" అన్నారు. ఇన్సులిన్‌కి ఒక వాసన ఉంటుంది, ఫినాయిల్ సీసా మూత దూరంగా తెరిచినట్టు. పన్నెండేళ్లుగా పొట్ట మీద పొడుచుకుంటున్న మనిషికి ఆ వాసన చిరపరిచితం.

"మళ్లీ వెయ్యనా?" అని డాక్టరమ్మకి ఫోన్ చేశాను. అప్పుడు చెప్పింది ఈ వైద్యంలో అన్నిటికంటే పెద్ద సూత్రం. పడిందో లేదో అనుమానం వస్తే పడిందనే అనుకోవాలి. సగం పడిందనిపించినా మిగతా సగం కొసరెయ్యకూడదు. మళ్లీ సాయంత్రం, మామూలు వేళకి, మామూలు మోతాదు. ఒక పూట మందు తప్పితే చక్కెర కాస్త పెరుగుతుంది, అంతే. ఒక పూట రెండుసార్లు పడితే ప్రాణమే పోవచ్చు.

వినడానికి తేలిగ్గా ఉంది. పాటించడం మాత్రం నా ఒంటికి పట్టని పని. అనుమానం వస్తే ఇంకొంచెం వెయ్యడమే కదా మనకి తెలిసింది! ఉప్పు తప్ప వంటింట్లో ప్రతిదీ అంతే. ఇద్దరొస్తారంటే నలుగురికి వండుతాం. తిన్నాడో లేదోనని పిల్లవాడి వెనక ముద్ద పట్టుకుని తిరుగుతాం. తక్కువ అవుతుందేమోనన్న భయం మన ఇళ్లలో తరతరాల నుంచీ ఉంది. ఎక్కువ అవుతుందేమోనన్న భయం నాకు కొత్త.

నెమ్మదిగా చెయ్యి తిరిగింది. చెవి అంచున సన్నటి నరం ఉంటుంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో చెవిని కాసేపు వెచ్చబెడితే అది ఉబ్బుతుంది. అక్కడ పొడిస్తే ఆవగింజంత రక్తం. స్ట్రిప్పు దాన్ని పీల్చుకుంటుంది. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో చక్కెరని కాస్త తక్కువ చేసి చూపిస్తుంది, అది మనసులో ఉంచుకోవాలి. డాక్టరమ్మ చెప్పిన రోజున, సూది వేసిన దగ్గర్నించి రెండేసి గంటలకి ఒకసారి, పన్నెండు గంటలపాటు చూసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపేదాన్ని. ఎక్కణ్నించో దిగి, మధ్యాహ్నానికి అడుగు తాకి, సాయంత్రానికి మళ్లీ ఎక్కే గీత. లోయ బొమ్మలా ఉంటుంది.

ఒకరోజు పొద్దున్నే 320 వచ్చింది. గుండె దడదడలాడింది. ఇంకో గీత ఎక్కించమంటారా అని ఫోన్ చేశాను. "నిన్న అడుగెంత?" అంది. తొంభై అన్నాను. "అయితే ముట్టుకోకండి" అని పెట్టేసింది. మోతాదుని నిర్ణయించేది శిఖరం కాదట, లోయ అడుగట. పిల్లికి ఆ అడుగు 80కీ 150కీ మధ్య నిలిస్తే చాలు. మోతాదు మార్చాల్సి వచ్చినా అర యూనిట్టో, ఒకటో, అదీ వారం చూశాక. ఒంటికి కొత్త మోతాదు అలవాటు కావడానికి అన్ని రోజులు పడుతుంది. రోజుకో అంకె చూసి రోజుకో గీత మార్చేవాళ్లు మందుకి కాదు, తమ కంగారుకి వైద్యం చేసుకుంటున్నట్టు.

ఇక దీపావళి సంగతి.

ఇక్కడ సిరంజీల గురించి చెప్పాలి. మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు చిక్కదనాల్లో దొరుకుతుంది. అత్తయ్యగారి సీసాలో మిల్లీలీటరుకి 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజీ. దొరబాబుకి రాసింది గ్లార్జిన్ అనే ఇన్సులిన్, మిల్లీలీటరుకి 100 యూనిట్లు. దానికి నారింజ మూత సిరంజీ. గీతలు రెండింటి మీదా ఉంటాయి, అంకెలు రెండింటి మీదా ఉంటాయి. కానీ ఎర్ర మూత సిరంజీలో ఒక గీత ఖాళీ, నారింజ మూత సిరంజీలో రెండున్నర గీతల ఖాళీతో సమానం. బళ్లో అయితే దీన్ని అయిదు మార్కుల ప్రశ్నగా ఇచ్చేదాన్ని.

ఆరోజు టపాకాయలు మొదలయ్యేలోపు సూది పని ముగించాలని నా తొందర. దొరబాబు అప్పటికే మంచం కిందకి దూరాడు. సగం తిన్నాడు, సగం వదిలేశాడు. నేను ఫ్రిజ్ తెరిచి, పక్కపక్కనే ఉన్న రెండు డబ్బాల్లో చేతికి అందినదాంట్లోంచి సిరంజీ తీశాను. వాడి సీసాలోంచి రెండు గీతలు లాగాను. మంచం కింద పడుకునే వేశాను. బయట చిచ్చుబుడ్లు, లోపల కాకరపువ్వొత్తులు, పక్కింటివాళ్లు తెచ్చిన మిఠాయి పళ్లెం. పదిన్నరకి అత్తయ్యగారు పిలిచారు. "వీడు తాగినవాడిలా నడుస్తున్నాడేంటే?"

హాలు మధ్యలో దొరబాబు. కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకి పోతున్నాయి. తల వణుకుతోంది. నన్ను చూస్తున్నాడు గానీ చూడడం లేదు. చెవి పొడిచాను. 41.

సూదులు పారేసే ప్లాస్టిక్ డబ్బా తెరిచి చూశాను. అన్నిటికన్నా పైన ఎర్ర మూత సిరంజీ. రెండు యూనిట్లు వేశాననుకున్నాను. వేసింది అయిదు.

నేను చేష్టలుడిగి నిలబడితే అత్తయ్యగారు తేనెసీసాతో వచ్చారు. డెబ్భైతొమ్మిదేళ్ల మనిషి, మోకాళ్లు వంగవు, నేల మీద చతికిలబడిపోయారు. "నోట్లో పొయ్యకు, పొలమారుతుంది. వేలితో చిగుళ్లకి రాయి" అన్నారు. రాశాను. ఫోన్లో డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. మింగగలిగే తెలివి రాగానే తిండి పెట్టండి, అరగంటకొకసారి చూడండి, ఈ మందు నెమ్మదిగా పనిచేసే రకం, తెల్లవార్లూ లాగుతూనే ఉంటుంది, కునుకు తీయకండి, మూర్ఛ వస్తే వెంటనే తీసుకొచ్చెయ్యండి అంది. 41 తరవాత 58. తరవాత 77. అమ్మయ్య అనుకునేలోపు 63. మళ్లీ తేనె, మళ్లీ చికెన్. ఎప్పుడూ తీపి ఎరగని నాలుక పక్కన తేనె రాస్తుంటే వాడు మూతి పక్కకి తిప్పుకున్నాడు, జిగురు రాస్తున్నట్టు.

రాత్రి ఒంటిగంటకి వీధిలో చప్పుళ్లు సద్దుమణిగాయి. మందుగుండు వాసన మిగిలింది. అత్తయ్యగారు వాడి వీపు మీద చెయ్యి వేసుకుని, నా వైపు చూడకుండా అన్నారు: "నాకూ ఇలాగే అయిందమ్మాయ్, మొన్న వినాయక చవితికి. కాళ్లు తేలిపోయి, చెమటలు పట్టి, గోడ పట్టుకుని నిలబడ్డాను. పంచదార డబ్బా చేతికందింది గనక సరిపోయింది."

"ఎందుకలా అయింది?"

"పాలతాలికలు తిన్నాను కదా. తిన్నాను కదాని ఇంకో ఆరు యూనిట్లు కొసరేసుకున్నాను."

"ఎప్పుడూ అలాగే వేసుకుంటారా?"

"తిన్నరోజున." కాసేపాగి, "ఏదో ఒకటి తినని రోజేదిలే" అన్నారు.

నా ఒళ్లో దొరబాబు పుస్తకం ఉంది. మూడు నెలల అంకెలు, వేళతో సహా, అడుగుకి ఎర్ర సిరా, శిఖరానికి నీలం. చీమల్ని చూసి పిల్లి జబ్బు పట్టుకున్న మనిషి గోడ పట్టుకుని నిలబడ్డ రోజున నేనదే ఇంట్లో ఉన్నాను. ఉండ్రాళ్లు చుడుతూ ఉండి ఉంటాను. ఆవిడ సూది ఆవిడే వేసుకుంటారు, పెద్దావిడ, అన్నీ తెలిసిన మనిషి అని ధీమాగా ఉండిపోయాం. ఆవిడ పేర ఒక్క కాగితం ముక్క లేదు.

మూడు దాటాక 112 వచ్చింది. అయిదుకి 140. దొరబాబు లేచి, ఒళ్లు విరుచుకుని, ఇసక ట్రేలోకి వెళ్లొచ్చి, చికెన్ కోసం అరిచాడు. వాడి మట్టుకు వాడికి రాత్రి ఏమీ జరగలేదు.

తరవాత కొన్నాళ్లు నేను యూనిట్ అన్న మాట వెంట పడ్డాను. ఇంత చేసిన ఆ కొలత అసలు ఎక్కడ పుట్టిందో చూడాలనిపించింది. కెనడాలోని టొరంటోలో 1921లో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు మాక్లియోడ్ అనే ప్రొఫెసరు ప్రయోగశాలలో కుక్కల మీద పని చేసి ఇన్సులిన్ కనిపెట్టారు. మరుసటి ఏడు జనవరి 11న పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కి మొదటిసారి ఎక్కించారు. మందులో మలినాలున్నాయి, సరిగా పనిచెయ్యలేదు. కాలిప్ అనే రసాయనవేత్త దాన్ని శుభ్రపరిచాక 23న మళ్లీ ఎక్కిస్తే కుర్రవాడు తేరుకున్నాడు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉండేదే. ఉండనిది కుందేలు సంగతి. మందు బలాన్ని కొలవడానికి తూకం పనికిరాలేదు, ఒక్కో విడతలో ఒక్కో బలం ఉండేది. అందుకని పస్తుంచిన కుందేలుకి మందు ఎక్కించి, దాని రక్తంలో చక్కెర డెసీలీటరుకి 45 మిల్లీగ్రాములకి, అంటే అది మూర్ఛపోయే మట్టానికి పడిపోవడానికి ఎంత మందు పట్టిందో చూశారు. అంత మందుని ఒక యూనిట్ అన్నారు. మనుషులకి ఆ కొలత మరీ పెద్దదని తరవాత మూడో వంతుకి తగ్గించారు.

దొరబాబుకి ఆ రాత్రి 41. కుందేలుకన్నా నాలుగు తక్కువ. నేను కిటికీ దగ్గర చూసే గీత ఎంత వేస్తే బాగుంటుందో చూసి గీసింది కాదన్నమాట. ఎంత వేస్తే కూలబడుతుందో చూసి, అక్కణ్నించి వెనక్కి నడిచి గీసింది. కొసరు ఎక్కడికి తీసుకెళుతుందో ఆ గీతకి పుట్టుకతోనే తెలుసు.

ఇంకో చిన్న సంగతి కూడా తెలిసింది. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. పిల్లి ఇన్సులిన్‌కీ మనిషి ఇన్సులిన్‌కీ వాటిలో నాలుగు తేడా. పిల్లికీ ఆవుకీ ఒక్కటే తేడా. అత్తయ్యగారికి చెబితే "ఆవుపాలు తాగి పెరిగాడు కదా మరి" అన్నారు. నేను దిద్దలేదు.

వింటున్నవాళ్లకి ఇదంతా అతిగా ఉంటుందని నాకు తెలుసు. "పిల్లికి ఇంజెక్షనా!" అని మొహం మీదే నవ్వినవాళ్లున్నారు. మా ఆయన మేనకోడలి పెళ్లికి రాజమండ్రి వెళ్లి, సాయంత్రం ఆరున్నర సూది కోసం భోజనాలు కాకుండానే బయల్దేరితే, పిల్లికోసం పెళ్లి వదిలి పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మనుషులకే మందుల్లేని దేశంలో అని ఒకాయన మొదలుపెట్టారు. ఆయన మాటలో నిజం ఉంది, నా దగ్గర జవాబు లేదు. ఒక్కటే చెప్పగలను. పిల్లి కోసం గీతలు చూడడం నేర్చుకోకపోతే, మా ఇంట్లో ఒక మనిషి ఆరేసి గీతలు కొసరేసుకుంటున్న సంగతి నాకు తెలిసేది కాదు.

ఇప్పుడు ఫ్రిజ్‌లో రెండు డబ్బాలు వేరువేరు అరల్లో ఉంటాయి. గోడ మీద తెలుగు క్యాలెండరులో, తిథీ నక్షత్రం పక్కన ఉన్న కాస్త ఖాళీలో, రోజుకి నాలుగు టిక్కులు. ఎర్ర పెన్నువి రెండు అత్తయ్యగారివి, నారింజ స్కెచ్‌పెన్నువి రెండు దొరబాబువి. వేశానా లేదా అన్న ప్రశ్నకి జవాబు గోడ చెబుతుంది. అత్తయ్యగారి డాక్టరు ఆవిడ మోతాదుల్ని మొదటినుంచీ సరిచేశారు. పండక్కి ఒక తీపి, ముందే చెప్పి, లెక్కలో కలిపి. చాటుగా తిని చాటుగా పొడుచుకోవడం ఉండదు. "దొంగతనం పోయాక తీపిలో రుచి పోయింది" అని ఆవిడ ఫిర్యాదు.

దొరబాబుకి అన్నం, పాలు, బిస్కట్టు పూర్తిగా బందు. ఉడికించిన కోడి, చేప, డాక్టరమ్మ రాసిన తడి ఆహారం. ఎలుకని తిని బతికే జంతువు ఒంట్లోకి పిండిపదార్థం చేరేది ఎంతని! దీపావళి తరవాత ఒక యూనిట్‌తో మళ్లీ మొదలుపెట్టాం. మధ్యలో కొన్నాళ్లు రెండుకి వెళ్లి, మళ్లీ ఒకటికి వచ్చాం. ఒంట్లో బరువు తగ్గింది, మడమలు నేల విడిచాయి. సంక్రాంతి నాటికి అర యూనిట్. దాని కోసం అరగీతలున్న సన్న సిరంజీలు తెప్పించాను. కొన్ని పిల్లులకి మొదటి నెలల్లోనే గట్టిగా పట్టుకుంటే సూది అవసరం పూర్తిగా పోతుందని డాక్టరమ్మ చెప్పింది. పోయినా జబ్బు పోయిందనుకోవద్దు, పక్క గదిలో కూచుందనుకోండి అంది. నేను ఆశ పెట్టుకోవడం లేదు. ఆశకి కూడా అరగీత మోతాదే వేస్తున్నాను.

కనుమ రోజు భోజనాలు. మా ఆయన, నేను, అత్తయ్యగారు. మోకాళ్లు సహకరించకపోయినా పండగపూట వడ్డన ఆవిడదే. గారెలు, కోడికూర. దొరబాబుకి మసాలా వెయ్యకముందే తీసి ఉంచిన నాలుగు ముక్కలు, వంటింటి తూకం మీద గ్రాముల్లో తూచినవి. నా విస్తట్లో రెండు గారెలు వేసి మూడోది చేత్తో పట్టుకుని "చాలా?" అని అడిగారు.

అలవాటు కొద్దీ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అన్నాను.

ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఆవిడ ఆగారు. గారెని గిన్నెలో పెట్టేసి మూత వేశారు.

నాకైతే ఇంకోటి తినాలనే ఉంది.